పౌర సంఘాలను సంప్రదిస్తే యూరోపియన్ యూనియన్‌కు ప్రజామోదం వస్తుందా?

మీ ప్రశ్నను ముందుగా నా మాటల్లో ఒకసారి చెప్పుకుంటాను. యూరోపియన్ యూనియన్ (ఈయూ) పాలనా యంత్రాంగమైన యూరోపియన్ కమిషన్‌ను ప్రజలు నేరుగా ఎన్నుకోరు. ఆ కమిషన్ చట్టాలను ప్రతిపాదించే ముందు, తన కేంద్ర కార్యాలయం ఉన్న బ్రస్సెల్స్‌లోని స్వచ్ఛంద సంస్థలను, వినియోగదారుల సంఘాలను, కార్మిక సంఘాలను పిలిచి మాట్లాడుతుంది. ఆ సంఘాలను కూడా ప్రజలు ఎన్నుకోలేదు. ఎన్నిక కాని ఇద్దరు కూర్చుని మాట్లాడుకున్నంత మాత్రాన, దేశాలకు పైనున్న ఆ ప్రభుత్వానికి ప్రజాస్వామ్య పునాది ఎలా ఏర్పడుతుందని మీరు అడిగారు. రాజనీతిశాస్త్రం ఎంఏ ప్రాజెక్టు కోసమని కూడా రాశారు కనుక కాస్త వివరంగానే రాస్తున్నాను. రోగుల సంఘాలు, వినియోగదారుల సంఘాలు సభ్యులుగా ఉన్న ఒక సమాఖ్య కార్యాలయంలో, బ్రస్సెల్స్‌లో 11 సంవత్సరాలు విధాన వ్యవహారాలు చూశాను. ఇక్కడ చెప్పే సంగతుల్లో కొన్ని ఆ బల్ల దగ్గర కూర్చుని చూసినవి.

సూటిగా చెప్పాలంటే, పౌర సంఘాలు ప్రజల తరఫున సమ్మతి ఇవ్వలేవు, ప్రజల తరఫున సంజాయిషీ అడగగలవు. సమ్మతి ఇచ్చే అధికారం ఓటుది. ఎన్ని సమావేశాలు పెట్టినా, ఎన్ని సంఘాలు సంతకాలు చేసినా ఆ అధికారం వాటికి బదిలీ కాదు. అయితే అధికారంలో ఉన్నవారు తాము చేసిన పనికి కారణం చెప్పి తీరవలసిన పరిస్థితి రాకపోతే, ఐదేళ్లకొకసారి పడే ఓటు కూడా గుడ్డిదవుతుంది. ఆ కారణాన్ని బహిరంగంగా చెప్పించడంలోనే పౌర సంఘాల విలువ ఉంది. అది కూడా ఒక షరతు మీద నిలుస్తుంది. ఆ సంఘం తన సొంత సభ్యులకు సంజాయిషీ చెప్పుకొనే స్థితిలో ఉండాలి. పుస్తకాలు ఈ షరతును ఒక్క వాక్యంలో దాటేస్తాయి. నా అనుభవంలో అసలు చిక్కంతా అక్కడే ఉంది కనుక దాని గురించే ఎక్కువగా రాస్తాను.

ఒక మాట గురించి ముందే చెప్పాలి. లెజిటిమసీ అనే మాటకు నేను ఇక్కడ ప్రజామోదం అని వాడుతున్నాను, చట్టబద్ధత అనడం లేదు. ఈయూ చట్టాలు సభ్యదేశాలు కుదుర్చుకున్న ఒప్పందాల ప్రకారం వచ్చినవే కనుక వాటి చట్టబద్ధత మీద పెద్దగా తగాదా లేదు. తనకు నష్టం చేసిన నిర్ణయాన్ని కూడా తానెందుకు పాటించాలని ఒక రైతో, ఒక జాలరో, ఒక రోగో అడిగినప్పుడు, ఆ మనిషి ఒప్పుకోకపోయినా కాదనలేని జవాబు ఉండటమే ప్రజామోదం.

ఈ ప్రశ్న ఈయూ విషయంలోనే ఎందుకింత పదునుగా వస్తుందో చూద్దాం. కొద్ది మినహాయింపులు తప్ప, చట్టాన్ని ప్రతిపాదించే హక్కు కమిషన్ ఒక్కదానికే ఉంది. కమిషన్ సభ్యుల పేర్లను దేశాల ప్రభుత్వాలు సూచిస్తాయి, పార్లమెంటు ఆమోదిస్తుంది. యూరోపియన్ పార్లమెంటుకు నేరుగా ఎన్నికలు జరగడం 1979లో మొదలైంది. ఆ ఏడాది 62 శాతం మంది ఓటు వేశారు. తర్వాత ప్రతి ఎన్నికలోనూ పార్లమెంటు అధికారాలు పెరుగుతూ వచ్చాయి, ఓటు వేసేవారు మాత్రం తగ్గుతూ వచ్చి 2014 నాటికి 42.6 శాతానికి చేరారు. 2019లోనూ 2024లోనూ మళ్లీ సగం దాటారు. సీట్ల పంపకం కూడా జనాభా లెక్కన జరగదు. జర్మనీకి 96, మాల్టాకు 6 స్థానాలు ఉన్నాయి కనుక మాల్టా పౌరుడి ఓటు బరువు జర్మనీ పౌరుడి ఓటు కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. జర్మనీ రాజ్యాంగ న్యాయస్థానం ఈయూ నిబంధనలను మార్చిన లిస్బన్ ఒప్పందం మీద 2009 జూన్ 30న ఇచ్చిన తీర్పులో ఈ అసమానతనే ఎత్తిచూపింది. పౌరులతో, సంఘాలతో జరిపే సంప్రదింపులు సమానమైన ఓటు మీద నిలిచే ప్రాతినిధ్యానికి అనుబంధంగా ఉండగలవే తప్ప దాని స్థానాన్ని భర్తీ చేయలేవని కూడా చెప్పింది. మీ ప్రాజెక్టులో ఈ తీర్పును తప్పక చదవండి.

పౌర సంఘాలను ఈ ఖాళీలోకి పిలవాలన్న ఆలోచనకు ఒక సందర్భం ఉంది. అక్రమాలు, బంధుప్రీతి ఆరోపణలపై వచ్చిన నిపుణుల నివేదికతో 1999 మార్చిలో జాక్ సాంటర్ నాయకత్వంలోని కమిషన్ మొత్తం రాజీనామా చేసింది. ఆ దెబ్బ తర్వాత 2001 జూలైలో కమిషన్ పాలనపై శ్వేతపత్రం వెలువరించింది. పౌర సంఘాలతో సంప్రదింపులను క్రమబద్ధం చేస్తే ప్రజలకూ బ్రస్సెల్స్‌కూ మధ్య దూరం తగ్గుతుందని అందులోని ఆశ. నిజానికి 1957 నాటి రోమ్ ఒప్పందంలోనే ఆర్థిక, సామాజిక కమిటీ పేరుతో యజమానులకు, కార్మికులకు, ఇతర వర్గాలకు సలహా పీఠం ఒకటి ఏర్పడింది. ఇప్పుడు దానిలో 329 మంది సభ్యులున్నారు, అభిప్రాయాలు చెబుతారు, వాటిని పాటించాలన్న నియమం లేదు. శ్వేతపత్రం దానితో ఆగకుండా సంఘాలతో నేరుగా సంభాషణ అనే దారి తెరిచింది.

ఆ ఆశ ఎంతవరకు నిజమైందో 2005లోనే తెలిసింది. ఐరోపా రాజ్యాంగ ఒప్పందం ముసాయిదా తయారు చేసిన సదస్సు 2002, 2003 సంవత్సరాల్లో పౌర సంఘాల కోసం ప్రత్యేక సమావేశాలు నిర్వహించింది. బ్రస్సెల్స్‌లోని పెద్ద సమాఖ్యలు చాలావరకు తృప్తిపడ్డాయి, ముసాయిదాలో భాగస్వామ్య ప్రజాస్వామ్యం పేరుతో ఒక అధికరణమే చేరింది. 2005 మే 29న ఫ్రాన్స్ ఓటర్లలో దాదాపు 55 శాతం, మూడు రోజుల తర్వాత నెదర్లాండ్స్ ఓటర్లలో 61 శాతానికి పైగా ఆ ఒప్పందాన్ని తిరస్కరించారు. సంఘాల సంతృప్తిని ప్రజల సంతృప్తిగా లెక్కించడం ఎంత ప్రమాదమో చెప్పడానికి ఇంతకంటే గట్టి ఉదాహరణ నాకు తెలియదు. 2009 డిసెంబర్ 1న అమల్లోకి వచ్చిన లిస్బన్ ఒప్పందం ఆ అధికరణాన్ని దాదాపు యథాతథంగా నిలుపుకుంది. కానీ వరుస గమనించండి. యూనియన్ పాలన ప్రాతినిధ్య ప్రజాస్వామ్యం మీద ఆధారపడి ఉంటుందని 10వ అధికరణం ముందు చెబుతుంది, పౌర సంఘాలతో పారదర్శకమైన, క్రమబద్ధమైన సంభాషణ జరపాలని 11వ అధికరణం ఆ తర్వాత చెబుతుంది. ఆ క్రమం సరైనదని నా అభిప్రాయం.

ఇక సంజాయిషీ అడగడమంటే ఆచరణలో ఏమిటి? నకిలీ వస్తువుల నిరోధం పేరిట కొన్ని సంపన్న దేశాలు రహస్యంగా చర్చించిన యాక్టా ఒప్పందం దీనికి మంచి ఉదాహరణ. చర్చల పత్రాలు బయటికి పొక్కాకే జనానికి అందులో ఏముందో తెలిసింది. 2012 జనవరిలో ఈయూ దాని మీద సంతకం చేయగానే పోలండ్‌లో గడ్డకట్టే చలిలో యువత వీధుల్లోకి వచ్చింది, డిజిటల్ హక్కుల సంఘాలు ఒప్పందంలోని ఒక్కొక్క నిబంధననూ విడమరిచి పార్లమెంటు సభ్యుల ముందు పెట్టాయి. 2012 జూలై 4న పార్లమెంటు 478 ఓట్లతో దాన్ని తిరస్కరించింది, అనుకూలంగా పడినవి 39 మాత్రమే. తిరస్కరించే అధికారం సంఘాలకు లేదు. ఆ అధికారం ఉన్నవారు నిద్రపోకుండా చేసింది మాత్రం అవే.

మన ప్రాంతానికి నేరుగా తగిలిన సంగతి కూడా ఇందులో ఉంది. 2008 డిసెంబర్‌లో హైదరాబాద్‌కు చెందిన డాక్టర్ రెడ్డీస్ సంస్థ బ్రెజిల్‌కు పంపుతున్న లోసార్టన్ అనే రక్తపోటు మందు సరుకును, దారిలో నెదర్లాండ్స్ కస్టమ్స్ అధికారులు పేటెంటు ఉల్లంఘన అనుమానంతో ఆపేశారు. ఆ మందుకు భారత్‌లోనూ బ్రెజిల్‌లోనూ పేటెంటు అడ్డంకి లేదు, సరుకు ఐరోపా మీదుగా వెళ్లిందంతే. 2010 మేలో భారత్, బ్రెజిల్ ఈ వ్యవహారాన్ని ప్రపంచ వాణిజ్య సంస్థకు తీసుకెళ్లాయి. ఐరోపాలోని రోగుల సంఘాలు, వైద్య సేవా సంస్థలు ఇదే ప్రశ్నను లోపలి నుంచి అడిగాయి. ఈయూ సరిహద్దు నిబంధన ఎక్కడో బ్రెజిల్‌లో ఉన్న రోగి మందును ఆపుతుంటే ఆ రోగికి జవాబు చెప్పేదెవరు? ఆ రోగికి యూరోపియన్ పార్లమెంటు ఎన్నికల్లో ఓటు లేదు, మాత్ర తయారుచేసిన కార్మికుడికీ లేదు. యాక్టా సరిహద్దు తనిఖీల మీద వచ్చిన విమర్శల్లో ఈ చవక మందుల సంగతి కూడా ఒకటి. ఓటు హద్దు దాటి ప్రభావం చూపే నిర్ణయాల విషయంలో, ఓటు లేని బాధితుడి మాటను లోపలికి తీసుకురాగలిగేది చాలాసార్లు పౌర సంఘమే. దేశాలకు పైనున్న ప్రభుత్వాలకు ఈ పని మరీ అవసరం, ఎందుకంటే వాటి నిర్ణయాల నీడ వాటి ఓటర్ల జాబితా కంటే ఎప్పుడూ పొడవుగా ఉంటుంది.

ఇప్పుడు ఆ షరతు దగ్గరికి వస్తాను.

కమిషన్ ప్రజాభిప్రాయ సేకరణ ప్రకటించినప్పుడు మా కార్యాలయంలో ఏం జరిగేదో చెబుతాను. గడువు సాధారణంగా 12 వారాలు. వినడానికి చాలా సమయమే. మొదటి రెండు వారాలు ప్రశ్నావళిని అర్థం చేసుకోవడానికి సరిపోయేవి, ఎందుకంటే ప్రశ్నలన్నీ శాఖాధికారులు ముందే అనుకున్న మూడు నాలుగు ప్రత్యామ్నాయాల చుట్టూనే తిరిగేవి. తర్వాత నేను ఇంగ్లీషులో చిత్తుప్రతి రాసి, 20 దేశాల్లోని 30కి పైగా సభ్య సంఘాలకు పంపేవాణ్ని. వాళ్లు దాన్ని తమ భాషలోకి మార్చుకోవాలి, తమ కార్యవర్గం ముందు పెట్టాలి, స్థానిక శాఖల అభిప్రాయం అడగాలి. చాలా సంఘాల్లో జీతానికి పనిచేసేది ఒక్కరో ఇద్దరో. ఒక సందర్భంలో 30కి పైగా సంఘాల్లో 7 మాత్రమే జవాబిచ్చాయి. ఆ ఏడింటిలో మూడు సంఘాల జవాబు ఒక్కటే వాక్యం, మీరు రాసినదానికి అభ్యంతరం లేదని. ఆ పత్రం మీద మాత్రం మా సమాఖ్య పేరు, దాని కింద లక్షల మంది రోగుల తరఫున అనే మాట ఉన్నాయి.

జవాబిచ్చిన ఏడింటిలో ఒకటి బల్గేరియాలోని ఒక చిన్న పట్టణంలో దీర్ఘవ్యాధి ఉన్నవారి సంఘం. దాన్ని నడిపే ఆవిడ బడిలో పనిచేసి పదవీ విరమణ చేసినవారు. ఆవిడ మా చిత్తుప్రతిని ముట్టుకోలేదు. దాని బదులు బల్గేరియన్ భాషలో రెండు పేజీల ఉత్తరం రాసి పంపారు. తమ ఊళ్లో రెండే మందుల షాపులున్నాయని, తమకు కావలసిన మందు ధర తమ దేశంలో తక్కువ కనుక టోకు వ్యాపారులు దాన్ని కొని ధర ఎక్కువున్న దేశాలకు అమ్ముకుంటున్నారని, మూడు వారాలుగా షాపులో ఆ అర ఖాళీగా ఉందని, సంఘంలోని ఇద్దరు బస్సెక్కి వంద కిలోమీటర్లు వెళ్లి తెచ్చుకుంటున్నారని రాశారు. ఏ తేదీన ఏ షాపులో అడిగితే ఏం చెప్పారో చేతిరాతతో ఒక పట్టిక కూడా జతచేశారు. ఒకే మార్కెట్, స్వేచ్ఛగా సరుకుల రవాణా అనే ఈయూ మూల సూత్రమే ఒక ఊళ్లో మందుల అరను ఎలా ఖాళీ చేస్తుందో ఆ రెండు పేజీల్లో ఉంది. అంత స్పష్టంగా చెప్పిన నిపుణుల నివేదికను నేను అప్పటికి చూడలేదు.

ఆ ఉత్తరం మా తుది పత్రంలో ఏమైందో తెలుసా? కొన్ని సభ్యదేశాల్లో లభ్యతకు సంబంధించిన సవాళ్లు ఉన్నట్లు మా సభ్యులు తెలిపారు అన్న అర వాక్యం అయింది. రాసింది నేనే. ప్రశ్నావళిలో ఆ విషయానికి ఒకే గడి ఉంది, దానికి అక్షరాల పరిమితి ఉంది. పైగా ధర ఎక్కువ ఉన్న దేశాల్లోని మా సభ్యులకు ఆ రవాణా వల్ల లాభం కనుక వారు నొచ్చుకోకుండా మాట కలపవలసి వచ్చింది. సమాఖ్య అంటే అంతే, ముప్పై గొంతులు ఒక్క గొంతుగా మారేటప్పుడు ముందు పోయేది ఊరి పేరు, తర్వాత తేదీ, చివరికి బాధ. పాఠ్యపుస్తకాల్లో పౌర సంఘాన్ని ఊరి మాటను రాజధానికి మోసుకెళ్లే వంతెన అంటారు. ఆ వంతెన మీద ఎంత సరుకు జారిపోతుందో లెక్కపెట్టకుండా ప్రజామోదం గురించి మాట్లాడటం సరికాదని ఆ ఉత్తరమే నాకు నేర్పింది.

సంఖ్యల గురించి కూడా మీరు అడిగారు, ఎక్కువమంది పాల్గొంటే ఎక్కువ ప్రజామోదం వచ్చినట్లు కాదా అని. అమెరికాతో టీటీఐపీ వాణిజ్య ఒప్పందం చర్చలు సాగుతున్నప్పుడు, విదేశీ పెట్టుబడిదారులు ప్రభుత్వాల మీద ప్రత్యేక ట్రిబ్యునళ్లలో దావా వేసే నిబంధన గురించి కమిషన్ 2014లో అభిప్రాయాలు కోరింది. దాదాపు లక్షన్నర జవాబులు వచ్చాయి. అందులో 97 శాతం కొన్ని సంఘాలు తమ వెబ్‌సైట్లలో సిద్ధం చేసి ఉంచిన జవాబులను పౌరులు యథాతథంగా పంపినవే. వాటిని లక్షన్నర అభిప్రాయాలుగా చూడాలా, పదీ పన్నెండు అభిప్రాయాలుగా చూడాలా అన్న వాదన అప్పట్లో మా వీధిలో నెలల తరబడి సాగింది. నా అభిప్రాయం ఇది. ఎంతమంది పంపారన్నది ఆ విషయం మీద జనంలో ఉన్న వేడిని చూపుతుంది, వాదనలో బలమెంతో చూపదు. ప్రజాభిప్రాయ సేకరణ ఎన్నిక కాదు కనుక అందులో మెజారిటీ, మైనారిటీ అన్న మాటలకు అర్థం లేదు. కానీ ఆ వేడి వల్ల కమిషన్ పాత ట్రిబ్యునళ్ల పద్ధతిని అలాగే సమర్థించుకోలేక 2015లో శాశ్వత పెట్టుబడి న్యాయస్థానం ప్రతిపాదనతో ముందుకు రావలసి వచ్చింది. అది చాలదన్నవారు చాలామంది ఉన్నారు, నేనూ వారిలో ఒకణ్ని. అయినా కారణం చెప్పి మార్చవలసి వచ్చిందన్నది ముఖ్యం.

సంఖ్యకు ఒప్పందంలోనే స్థానం ఇచ్చినది యూరోపియన్ పౌర చొరవ ఒక్కటే. కనీసం 7 దేశాల నుంచి 10 లక్షల మంది పౌరులు సంతకం చేస్తే ఫలానా విషయం మీద చట్టం ప్రతిపాదించమని కమిషన్‌ను కోరవచ్చు. ఇది 2012 ఏప్రిల్ 1న మొదలైంది. నీటి హక్కు చొరవకు సంతకాలు సేకరిస్తున్న రోజుల్లో సెలవు పెట్టి, ఇటలీలో ఒక మిత్రుడి ఊళ్లో శనివారం సంతలో రెండు పూటలు నిలబడ్డాను. నేను భారత పౌరుణ్ని కనుక ఆ కాగితం మీద సంతకం పెట్టే హక్కు నాకు లేదు, ఇతరుల చేత పెట్టించడం వరకే. కూరగాయల సంచి భుజాన వేసుకున్న ఒక పెద్దావిడ ఆగి, నీళ్లు అమ్ముకునే వస్తువు కాదని నాకంటే బాగా చెప్పి, కలం తీసుకున్నారు. గుర్తింపు కార్డు నంబరు రాయమనగానే కలం బల్ల మీద పెట్టేశారు. ఓటు వేసేటప్పుడు కూడా నా నంబరు వీధిలో ఎవరికీ రాసివ్వను కదా అన్నారు. ఒక్కొక్క దేశానికి ఒక్కొక్క రకం ఫారం, కొన్ని దేశాలకు కార్డు నంబరు తప్పనిసరి, కొన్నింటికి అక్కర్లేదు. 2020 నుంచి అమల్లో ఉన్న కొత్త నిబంధనలు దీన్ని కొంత సులువు చేశాయి. ఆ పూట మాత్రం ఆవిడ లాంటివారు మా బల్ల దగ్గరే నలుగురు వెనక్కి వెళ్లారు.

ఆ చొరవకు చివరికి 16 లక్షలకు పైగా సంతకాలు చెల్లాయి, పది లక్షల గీత దాటిన మొదటి చొరవ అదే. లెక్క పూర్తి కాకముందే, 2013 జూన్‌లో, ప్రజా సేవల నిర్వహణను ప్రైవేటు సంస్థలకు అప్పగించే ఒప్పందాల (కన్సెషన్) చట్టం నుంచి నీటి సరఫరాను మినహాయిస్తున్నట్లు కమిషన్ ప్రకటించింది. 2020 డిసెంబర్‌లో వచ్చిన కొత్త తాగునీటి ఆదేశంలో (డైరెక్టివ్ అనే ఈయూ చట్టంలో), నీరు అందని వర్గాలకు అందేలా చూడాలన్న బాధ్యతకు మూలం కూడా ఆ ఉద్యమమే. మానవ పిండాల నాశనానికి దారితీసే పనులకు ఈయూ నిధులు ఆపాలన్న మరో చొరవకు సుమారు 17 లక్షల సంతకాలు వచ్చినా 2014లో కమిషన్ ప్రతిపాదన చేయడానికి నిరాకరించింది. నిర్వాహకులు న్యాయస్థానానికి వెళ్లారు. ప్రతిపాదించాలా వద్దా అన్న విచక్షణ కమిషన్‌దేనని, అయితే తన నిర్ణయానికి కారణాలు చెప్పవలసిందేనని 2019 డిసెంబర్‌లో ఐరోపా న్యాయస్థానం తేల్చింది. ఆ రెండు చొరవల ఆశయాల మీద నా అభిప్రాయాలు వేరు. కానీ రెండింటికీ ఒకే న్యాయం వర్తించాలి కనుక ఆ తీర్పు సరైనదనే అంటాను. పది లక్షల సంతకాలు 45 కోట్ల మంది సమ్మతితో సమానం కావు. కారణం చెప్పు అనే హక్కును మాత్రం అవి తప్పక ఇస్తాయి. నాకు కోపం తెప్పించేది కారణం చెప్పాక మాట తప్పడం. మాంసం, గుడ్ల వంటి వాటి కోసం పెంచే పశువులను, కోళ్లను బోనుల్లో ఉంచడం ఆపాలంటూ దాదాపు 14 లక్షల మంది చేసిన చొరవకు స్పందనగా, 2023 చివరిలోగా చట్టం ప్రతిపాదిస్తామని కమిషన్ 2021 జూన్‌లో హామీ ఇచ్చింది. ఆ గడువులోగా ప్రతిపాదన రాలేదు. సంతకం పెట్టినవారి నమ్మకానికి ఇంతకంటే నష్టం మరొకటి ఉండదు, ఎందుకంటే నిరాకరణ మీద పోరాడవచ్చు, మౌనం మీద పోరాడటం కష్టం.

డబ్బు సంగతి చెప్పకుండా ఈ సమాధానం పూర్తి కాదు. మా సమాఖ్య వార్షిక బడ్జెట్‌లో సగానికి పైగా కమిషన్ గ్రాంటు. కమిషన్‌ను ప్రశ్నించవలసిన సంస్థ కమిషన్ డబ్బుతో నడుస్తుంటే దాని మాటకు విలువేమిటని మీరు అడిగారు. న్యాయమైన ప్రశ్న. 11 ఏళ్లలో ఏ అధికారీ ఫోన్ చేసి ఫలానా వాక్యం తీసేయమని అనలేదు. కానీ గ్రాంటు పునరుద్ధరణ దగ్గరపడిన నెలల్లో మా పత్రాల్లో విఫలమైంది అన్నచోట ఇంకా మెరుగుపడవలసి ఉంది అని మేమే రాసుకునేవాళ్లం. ఒత్తిడి బయటి నుంచి రానక్కర్లేదు, జీతాల పట్టిక చాలు.

అలాగని ప్రభుత్వ నిధులు ఆపేయాలన్నవారితో నేను ఏకీభవించను. బ్రస్సెల్స్‌లో లాబీయింగ్ చేసేవారి పారదర్శకత రిజిస్టరులో 12 వేలకు పైగా పేర్లున్నాయి, వాటిలో కంపెనీలు, వ్యాపార సంఘాలదే పెద్ద వాటా. గ్రాంట్లు పోతే ఆ గదుల్లో మిగిలేవి సొంత డబ్బున్న గొంతులే. 2025 ఏప్రిల్‌లో, ఈయూ ఖర్చులను తనిఖీ చేసే యూరోపియన్ ఆడిటర్ల కోర్టు ఇచ్చిన నివేదిక, 2021 నుంచి 2023 వరకు స్వచ్ఛంద సంస్థలకు అంతర్గత విధానాల కింద కేటాయించిన సుమారు 740 కోట్ల యూరోల సమాచారం చెదురుమదురుగా ఉందని, ఎవరికి ఎందుకు ఇచ్చారో పౌరుడికి స్పష్టంగా తెలిసే ఏర్పాటు లేదని తప్పుపట్టింది. ఆ విమర్శను సంఘాలు స్వాగతించాలి. లెక్క చెప్పమనడం వేరు, మచ్చ వేయడం వేరు. విదేశీ నిధులు పొందే సంఘాలన్నీ ఆ ముద్రను తమ వెబ్‌సైట్ల మీద వేసుకోవాలంటూ హంగరీ 2017లో చేసిన చట్టం ఈయూ చట్టానికి విరుద్ధమని 2020 జూన్ 18న ఐరోపా న్యాయస్థానం తీర్పు చెప్పింది. పారదర్శకత పేరుతో సంఘం ఏర్పరచుకునే స్వేచ్ఛను కుదించరాదన్న ఆ గీత చాలా విలువైనది.

మరో చిక్కు, పౌర సమాజం అంటే ఎవరు అన్నది. మీ ప్రశ్నలో అది పర్యావరణ, మానవ హక్కుల సంస్థలకే పరిమితమైనట్లు కనిపించింది. పురుగుమందుల వాడకాన్ని సగానికి తగ్గించాలన్న ప్రతిపాదన పర్యావరణ సంఘాలకు పెద్ద విజయంగా కనిపించింది. 2024 ఆరంభంలో ట్రాక్టర్లతో రోడ్లెక్కిన రైతుల డిమాండ్లలో అదీ ఒకటైంది, ఫిబ్రవరిలో కమిషన్ ఆ ప్రతిపాదనను ఉపసంహరించుకుంటున్నట్లు చెప్పింది. ట్రాక్టరు మీద వచ్చినవారూ పౌర సమాజమే. ఇద్దరూ ప్రజల పేరుతోనే మాట్లాడారు. వారిలో ఎవరి మాట నెగ్గాలో తేల్చడానికి సంఘాల దగ్గర కొలబద్ద లేదు, అది పార్లమెంటులో ఓటు ద్వారా తేలవలసిన పని. ఈ ప్రతిపాదనను పార్లమెంటు 2023 నవంబర్‌లోనే ఓటుతో తిరస్కరించింది.

మీ ప్రాజెక్టుకు ఒక సూచన. సంప్రదింపులు మంచివా చెడ్డవా అన్న సాధారణ చర్చలోకి వెళ్లకుండా ఏదో ఒక్క చట్టాన్ని తీసుకోండి. మొదటి ప్రతిపాదన, వచ్చిన అభిప్రాయాలు, కమిషన్ విడుదల చేసిన సారాంశం, తుది చట్టం పక్కపక్కన పెట్టి చదవండి. ఏ వాక్యం ఎవరి మాట వల్ల మారిందో, మారని చోట కారణం చెప్పారో లేదో గుర్తుపెట్టండి. తర్వాత ఆ అభిప్రాయాలు పంపిన సంఘాల్లో రెండింటికి ఉత్తరం రాసి, ఈ పత్రాన్ని మీ సభ్యుల్లో ఎంతమంది చూశారని అడగండి. ఆ ప్రశ్నకు వచ్చే జవాబులు, రాని జవాబులు కూడా, మీ ప్రాజెక్టులో అన్నిటికంటే విలువైన భాగం అవుతాయి. తాగునీటి ఆదేశం అయితే పత్రాలన్నీ సులువుగా దొరుకుతాయి.

బల్గేరియా ఉత్తరం సంగతి సగంలో వదిలాను. ఆ తర్వాతి ఏడాది మా సర్వసభ్య సమావేశంలో ఒక చిన్న నియమం పెట్టుకున్నాం. సభ్య సంఘాల నుంచి వచ్చిన ఉత్తరాలను సారాంశంగా కుదించినా, అసలు ప్రతులను వారి భాషలోనే పత్రానికి అనుబంధంగా జతచేయాలని. ఈయూకు 24 అధికార భాషలున్నాయి, వాటిలో దేనిలో రాసినా అదే భాషలో సమాధానం పొందే హక్కు పౌరులకు ఒప్పందంలోనే ఉంది. ఆవిడ రెండు పేజీలనూ చేతిరాత పట్టికనూ కలిపి మరోసారి పంపాం. కొన్ని నెలలకు కమిషన్ నుంచి ఆవిడ పేరు మీదే బల్గేరియన్‌లో జవాబు వచ్చింది. మందుల కొరత మీద సభ్యదేశాలకు ఉన్న అధికారాలేమిటో, తమకు లేనివేమిటో అందులో వివరించారు. ఆవిడ దాన్ని పట్టుకుని తమ జిల్లా ఆరోగ్య అధికారి దగ్గరికి వెళ్లారు.